ఈ ఆదివారం ఎవరి పక్కన?

పోయిన నెలలో ఒక ఆదివారం, భీమవరంలో మేము వెళ్ళే చర్చిలో, పూజ మొదలయ్యాక ఒకతను వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఎవరో తెలియదు. వెనక బెంచీలు ఖాళీగా ఉన్నాయి. ముందూ ఖాళీ ఉంది. ఫ్యాను కింద చల్లటి చోటు ఖాళీగా ఉంది. అవన్నీ వదిలేసి, ఫ్యాను గాలి తగలని మా బెంచీ దగ్గరికొచ్చి, నన్ను కాస్త జరగమని సైగ చేసి మరీ కూర్చున్నాడు. నా గుండె గుభేలుమంది. అటువైపు కూర్చున్న మా ఆవిడ చెవిలో, "మనింట్లో ఏమైనా గొడవయ్యిందా?" అని అడిగాను.

"పొద్దున ఉప్మాలో ఉప్పు తక్కువైందని మొహం మాడ్చుకున్నారు. అది గొడవ కింద రాదులెండి," అంది. అంతలోనే నేనెందుకు అడిగానో అర్థమై, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు బెంచీలో ముసలావిడ వెనక్కి తిరిగి మా ఇద్దర్నీ కొరకొరా చూసింది.

మా ఆవిడకి తాతగారు తెలుసు కాబట్టి నవ్వింది. మీకు తెలియాలంటే నేను చెప్పాలి. ఆయన పోయి రెండేళ్ళవుతోంది. గుర్తొచ్చినప్పుడల్లా నాలో నేను నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. ఆ ఆదివారం మాత్రం ఫాదర్ గారి ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు.

మా ఊరు భీమవరానికి దిగువన, సముద్రం వైపు, కాలవ గట్టు మీద ఉంటుంది. చర్చిని మేము గుడి అనే అంటాం. బెంచీలుండవు, కార్పెట్ పరిచి ఉంటుంది. ఎడమవైపు మగవాళ్ళు, కుడివైపు ఆడవాళ్ళు, మధ్యలో నడవ. ఎవరి చోటు వాళ్ళదే. గీతలు గీసి ఇవ్వలేదు గానీ, మా నాన్న చోట్లో ఎవరైనా కూర్చుంటే ఆయన పూజ అయ్యేదాకా వాళ్ళ వీపునే చూస్తూ ఉంటాడు. అలాంటి గుడిలో తనకంటూ ఒక చోటు లేని మనిషి తాతగారు ఒక్కరే.

ఆయన పేరు చెప్పను. చెప్పినా మా ఊళ్ళో సగం మందికి తెలియదు, తాతగారంటేనే తెలుస్తుంది. కాలవ వంతెన దగ్గర పంక్చర్ షాపు ఆయనది. పొట్టి మనిషి. వారమంతా గ్రీజు మరకల బనీనుతో ఉండి, ఆదివారం తెల్ల పంచె కట్టి, తెల్ల చొక్కాకి మెడదాకా బొత్తాలు పెట్టుకుని వచ్చేవాడు. చేతుల్ని బట్టల సబ్బేసి కొబ్బరి పీచుతో ఎంత తోమినా గీతల్లో నలుపు పోయేది కాదు. గొంతు సంగతి అడక్కండి. ఆయన పాట అందుకుంటే హార్మోనియం వాయించేవాడు మెట్లు వెతుక్కోవాల్సి వచ్చేది. ఫాదర్ గారు 'ప్రభువు మీతో' అని మొదలుపెట్టగానే, ఆ మాట పూర్తి కానివ్వకుండా 'మీ ఆత్మతోను' అని గుడి అదిరిపోయేలా అరిచేవాడు. ఒకసారి ఫాదర్ గారికి మధ్యలో దగ్గొచ్చి ఆగితే, ఆ దగ్గుకి కూడా జవాబిచ్చేశాడు.

అసలు సంగతి ఇవేవీ కాదు. పూజలో పరలోక జపం అయ్యాక ఒక ఘట్టం వస్తుంది. "ఒకరికొకరు సమాధానం చెప్పుకోండి" అంటారు ఫాదర్ గారు. సమాధానమంటే ఇక్కడ శాంతి. సత్ప్రసాదం, అంటే ఫాదర్ గారు పంచే అప్పం, అందుకోవడానికి లేచే ముందు, మన మధ్య ఉన్న పగలూ పట్టింపులూ వదిలెయ్యాలని. పక్కవాడి వైపు తిరిగి చేతులు జోడించి 'సమాధానం' అంటాం, వాడూ అంటాడు, అయిపోతుంది. ఏ గుడిలోనైనా అర నిమిషం పని. మా గుడిలో అలా అయ్యేది కాదు. తాతగారు లేచి, గుమ్మం దగ్గర మొదలుపెట్టి, పీఠం దాకా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళేవాడు. జోడించిన మీ చేతుల్ని తన రెండు చేతుల మధ్యా పట్టుకుని, మీరు ఆయన కళ్ళలోకి చూసేదాకా వదిలేవాడు కాదు. ఆడవాళ్ళవైపు వెళ్ళినప్పుడు మాత్రం దూరంగా నిలబడి, నడుం వంచి నమస్కారం పెట్టేవాడు. చంకలో ఉన్న పసిపిల్లలకి కూడా వేరేగా పెట్టేవాడు. తర్వాతి పాట ఎత్తాలా వద్దా అని హార్మోనియం అతను ఫాదర్ గారి వైపు చూసేవాడు, ఫాదర్ గారు పైకప్పు వైపు చూసేవారు.

ఒక ఆదివారం గుడి వసారాలో కొబ్బరికాయలు దింపడానికొచ్చిన మనిషి నీడపట్టున నిలబడి ఉంటే, తాతగారు బయటికెళ్ళి అతనికీ చెప్పొచ్చాడు.

"తాతయ్యా, ఆయన మనవాళ్ళు కాదుగా, ఆయనకెందుకు?" అన్నాను పూజయ్యాక.

"సమాధానానికి కూడా రేషన్ కార్డుండాలేంట్రా?" అన్నాడు.

తర్వాత మా ఊరికి కొత్త ఫాదర్ గారొచ్చారు. కుర్రాయన, చదువుకున్నవారు, మంచివారు. పూజ ఎక్కడా సాగదియ్యకూడదు, గాబరాగా కానియ్యకూడదు, ఏది ఎంతసేపో అంతసేపే జరగాలి ఆయనకి. రెండు మూడు ఆదివారాలు ఓపిక పట్టి, ఒకరోజు తాతగారిని వసారాలో ఆపారు.

"తాతగారూ, సమాధానం పక్కనున్నవాళ్ళకి చెప్తే సరిపోతుందండి. పుస్తకంలో కూడా అలాగే ఉంది. గుడంతా తిరిగితే అందరి ధ్యానం పీఠం మీద నుంచి మీ మీదకి మళ్ళిపోతోంది."

తాతగారు అడ్డంగా వాదిస్తాడని మేమంతా చుట్టూ చేరాం. ఆయన చేతులు కట్టుకుని, "ఆయ్, అలాగేనండి. పక్కనున్నవాళ్ళకే చెప్తానండి," అని వెళ్ళిపోయాడు. మాకు చాలా నిరుత్సాహమైంది.

పై ఆదివారం ఆయన గుమ్మం దగ్గర ఆగలేదు. నేరుగా వెళ్ళి చేపల వేలం పాటగాడి పక్కన కూర్చున్నాడు. ఆ పై ఆదివారం ట్రాక్టర్ డ్రైవరు పక్కన. ఆ తర్వాత స్కూలు మాస్టారి పక్కన. సమాధానం వేళ చుట్టుపక్కల వాళ్ళకే చెప్పి బుద్ధిగా కూర్చునేవాడు. ఫాదర్ గారు ఒకసారి ప్రసంగంలో పెద్దవాళ్ళ విధేయత గురించి మెచ్చుకున్నారు కూడా.

మర్మం కనిపెట్టింది మా అమ్మ. "ఆ పాటగాడికి తమ్ముడితో పడటం లేదు. డ్రైవరు పెళ్ళాన్ని పుట్టింటికి పంపేశాడు. మాస్టారూ హెడ్మాస్టరూ కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. తాతగారు గొడవ ఉన్నచోట చూసుకుని కూర్చుంటున్నాడు!" అంది. ఆ మాట గోడలు దాటి సాయంత్రానికల్లా ఊరంతా పాకింది.

ఇంక చూడండి తమాషా. ఆదివారం గుడి గంట కొట్టగానే ఊళ్ళో ఒకటే ప్రశ్న, ఈ ఆదివారం ఎవరి పక్కన? తాతగారు గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే మగవాళ్ళందరూ జపమాలలు తీసి మహా భక్తిగా కళ్ళు మూసుకునేవారు. ఆయన ఒకరి వైపు అడుగేస్తే ఆ చుట్టుపక్కలవాళ్ళు 'నేను కాదు, వాడే' అన్నట్టు జరిగి చోటిచ్చేవారు. ఎవరి పక్కన కూర్చున్నాడో వాడికి చెవులు ఎర్రబడేవి. ఆడవాళ్ళవైపు నుంచి వాడి పెళ్ళాం చూపులు వీపులో గుచ్చుకునేవి. కొత్తగా పెళ్ళైన జంటలో మొగుడు ఒకడు, తాతగారు తన వైపు రావడం చూసి, నడవ ఇవతల నుంచే భార్యకి రెండు చేతులూ జోడించి క్షమాపణ అడిగేశాడు. తాతగారు వాణ్ణి దాటుకుని వెళ్ళి ఇంకొకరి పక్కన కూర్చున్నాడు. ఆ జంటకి గొడవైందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

ఆడవాళ్ళ గొడవలకి మామ్మగారు, అంటే ఆయన భార్య, వెళ్ళాల్సి వచ్చేది. ఆవిడకిది సుతరామూ ఇష్టం లేదు. "ఆ మూల ఫ్యానుండదు. నా మోకాళ్ళతో అక్కడిదాకా దేక్కుంటూ పోవాలి. వీళ్ళు కొట్టుకుంటే నాకు శిక్షా?" అని సణుగుతూనే వెళ్ళి కూర్చునేది. ఒక ఆదివారం మాత్రం తాతగారు మగవాళ్ళవైపు అంచున, నడవకి ఆనుకుని కూర్చున్నాడు. ఆయనకి సరిగ్గా ఎదురుగా అవతలి అంచున మామ్మగారు. గుడిలో కిసుకిసలు మొదలయ్యాయి. సమాధానం వేళ ఆయన లేచి ఆవిడ ముందు నడుం వంచితే, ఆవిడ మొహం పక్కకి తిప్పుకుని, "ముందు ఆ అమ్మేసిన పాత కుట్టుమిషన్ తెచ్చి ఇంట్లో పెట్టు," అంది. గుడంతా గొల్లుమంది. ఫాదర్ గారు పీఠం వైపు తిరిగిపోయారు గానీ ఆయన భుజాలు ఊగడం మేమందరం చూశాం.

ఎవరి ఇంట్లో గొడవ ఉందో ఎలా తెలుస్తుందని ఒకసారి షాపు దగ్గర అడిగాను. ఆయన ట్యూబుని నీళ్ళ గోలెంలో ముంచి తిప్పుతున్నాడు.

"ఇందులో ఏముందిరా? గాలి పోతోందని బండివాడే తోసుకుంటూ వస్తాడు. ఎక్కడ పోతోందో మటుకు వాడికి తెలీదు. నేను నీళ్ళలో పెట్టి చూస్తాను. బుడగ వచ్చినచోట వేలు పెడతాను. అంతే." నిజానికి ఊళ్ళో బండి ఉన్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఆ బల్ల మీద కూర్చుని, ప్యాచ్ ఆరేదాకా తన గోడు వెళ్ళబోసుకోవాల్సిందే.

కరోనా రోజుల్లో గుడి మూసేసి ఫోన్లో పూజ చూడమన్నారు. తాతగారికి అది ససేమిరా నచ్చలేదు. "ఫోన్లో ఫాదర్ గారు సమాధానం చెప్పుకోండంటారు. ఎవడికి చెప్పాలి, గోడకా? ఒక్కడివే చేసుకోడానికి ఇంట్లో జపం ఉందిగా. గుడికొచ్చేది నలుగురి మొహాలూ చూడ్డానికి కాకపోతే ఎందుకూ?" అనేవాడు. ఆ ఘట్టం రాగానే మాస్కు కట్టుకుని వీధిలోకొచ్చి, ప్రతి గేటు ముందూ దూరంగా నిలబడి నమస్కారం పెట్టేవాడు. మేమూ గేట్లలోకొచ్చి నిలబడేవాళ్ళం. ఆ రోజుల్లో మాకు పూజంటే అదే. ఆయన మా గేటు దాటి వెళ్ళేదాకా ఎవరమూ లోపలికెళ్ళేవాళ్ళం కాదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. మా నాన్నా పెదనాన్నా మాట్లాడుకోవడం మానేసి అప్పటికి చాలా ఏళ్ళు. మా నాన్న తన చేను తవ్వించి రొయ్యల చెరువు వేశాడు. పక్కనే పెదనాన్న వరి చేను. చెరువులోంచి ఉప్పు ఊటెక్కి ఒక ఏడు పెదనాన్న ఆకుమడి మొత్తం మాడిపోయింది. నాట్లకి నారు లేదు. గట్టు మీద నిలబడి ఇద్దరూ అనకూడని మాటలు అనుకున్నారు. అంతే, అప్పట్నుంచి గుడిలో మా నాన్న హార్మోనియం పక్కన, పెదనాన్న గుమ్మం పక్కన. అమ్మా పెద్దమ్మా మాత్రం గోడ మీంచి కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నారు. మగవాళ్ళిద్దరూ ఆ కూర ఎక్కడిదో తెలియనట్టు లొట్టలేసుకుంటూ తినేవారు.

తాతగారికి ఇది పెద్ద చిక్కైంది. ఇద్దరి పక్కనా ఒకేసారి కూర్చోలేడు కదా. అందుకని ఒక ఆదివారం పెదనాన్న పక్కన, మరో ఆదివారం నాన్న పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. నాన్న చేతులు పట్టుకుని మెల్లిగా ఏదో చెప్పేవాడు. ఒకసారి నేను వెనకే ఉండి విన్నాను.

"ఇది మీ అన్నయ్య ఇచ్చిన సమాధానం. పోయిన ఆదివారం ఇచ్చాడు. వారమంతా జాగ్రత్తగా దాచి తెచ్చాను."

"అన్నయ్య నీకిచ్చాడు బాబాయ్, నాకు కాదు," అన్నాడు నాన్న.

"నాకెందుకయ్యా? నాకు వాడితో గొడవేం లేదే! నా దగ్గర మిగిలిపోయింది. తీసుకో."

నాన్న చేతులు వెనక్కి లాక్కోబోయాడు. తాతగారు వదలందే! చివరికి నాన్న ఆయన కళ్ళలోకి చూసి తల పంకించాక వదిలాడు. పై ఆదివారం గుమ్మం దగ్గర పెదనాన్నకీ ఇదే వరస. ఇలా ఈ చేతి నుంచి ఆ చేతికి వారం ఆలస్యంగా సమాధానం మోస్తూనే ఉన్నాడు ఆయన. వీళ్ళిద్దరూ తీసుకుంటూనే ఉన్నారు, మాట్లాడుకోకుండానే ఉన్నారు.

అలాంటి సమయంలో నాకు పెళ్ళి కుదిరింది. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల తపస్సు కాలంలో మాకు పెళ్ళిళ్ళు చెయ్యరు కాబట్టి ఈస్టర్ తర్వాత ముహూర్తం పెట్టుకున్నారు. పెదనాన్న నాకు జ్ఞానతండ్రి. నెలల పిల్లాణ్ణి చేతుల్లో పెట్టుకుని నాకు జ్ఞానస్నానం ఇప్పించింది ఆయనే. చిన్నప్పుడు గుడికి వెళ్ళడమంటే నాకు ఆయన భుజం మీద ఊరేగడమే. పెళ్ళిరోజు పీఠం ముందు నా పక్కన ఆయన లేకుండా నిలబడాలంటే నాకు ప్రాణం ఒప్పలేదు. నాన్నని అడిగితే, "నేను వద్దన్నానా? రమ్మను," అన్నాడు. పెదనాన్నని అడిగితే, "మీ నాన్న పిలిస్తే వస్తాను, లేకపోతే లేదు," అన్నాడు. నాన్న పిలవడు, పిలవకపోతే ఈయన రాడు. ఇద్దరి మీదా నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటలోనే బండి తోసుకుంటూ పంక్చర్ షాపుకి వెళ్ళాను. టైరులో గాలి నిండుగానే ఉంది. తాతగారు అది చూసి బల్ల చూపించాడు. నేను చెప్పిందంతా విన్నాడు. చాలాసేపు గోలెంలో నీళ్ళు చేత్తో కలుపుతూ కూర్చున్నాడు.

"వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుంటే ఫాదర్ గారి రూలే సరిపోతుంది. దూరంగా ఉండబట్టి కదా నేను మొయ్యాల్సి వస్తోంది!" అన్నాడు. గోలెంలోంచి చెయ్యి తీసి తుడుచుకుంటూ, "పవిత్ర గురువారానికి మనుషులు తక్కువయ్యార్రా," అన్నాడు.

ఈస్టర్ ముందొచ్చే పవిత్ర గురువారం సాయంత్రం పూజలో ఫాదర్ గారు పన్నెండుగురి కాళ్ళు కడుగుతారు. యేసు తన శిష్యుల కాళ్ళు కడిగినందుకు గుర్తుగా. ఆ పన్నెండుగురినీ పోగెయ్యడం ప్రతి ఏడూ తాతగారి పనే. మావాళ్ళు పూజకి పరిగెత్తుకొస్తారు గానీ, పగిలిన మడమలూ పుచ్చిన గోళ్ళూ ఊరందరి ముందూ పెట్టాలంటే సిగ్గుతో చచ్చిపోతారు. ఆయన బతిమాలి, బెదిరించి, కొందరికి కాళ్ళు తనే తోమి మరీ తీసుకొచ్చేవాడు.

ఆ సాయంత్రం పీఠం ముందు కుర్చీలు వేశారు. ఒక చివర కుర్చీలో మా నాన్న వచ్చి కూర్చున్నాడు. పక్కన తాతగారు. ఆయనకి అటుపక్క కుర్చీ ఖాళీగా ఉంది. ప్రసంగం అయిపోయి పాట ఎత్తుతుండగా, ఆఖరి నిమిషంలో, మామ్మగారు పెదనాన్నని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ఆ కుర్చీలో కూలేసింది. పెదనాన్న తల తిప్పి తాతగారి అవతల ఎవరున్నారో చూశాడు. నాన్న సగం లేచాడు. అప్పటికే ఫాదర్ గారు పై వస్త్రం తీసి నడుముకి తువ్వాలు చుట్టుకుని, పళ్ళెం పట్టుకుని నాన్న ముందు మోకరించారు. చెప్పులు బయటెక్కడో ఉన్నాయి, ఊరంతా చూస్తోంది, కాలు పళ్ళెంలో ఉంది. ఎక్కడికి పోతాడు? కూర్చున్నాడు.

నాన్న కాలు కడిగారు. తాతగారి కాలు కడిగితే నీళ్ళు నల్లబడి మార్చాల్సి వచ్చింది. పెదనాన్న కాలు కడిగారు. అన్నదమ్ములిద్దరూ ఎదుటి గోడకున్న సిలువమార్గం పటాల్నే చూస్తూ కూర్చున్నారు. నేను వెనక నుంచి వాళ్ళ మెడలు చూస్తూ, ఆ పూజలో ఒక్క మాటకీ జవాబివ్వలేకపోయాను.

పరలోక జపం అయ్యింది. అప్పుడు తాతగారికి దగ్గొచ్చింది. ఆ దగ్గు నాకు తెలుసు, ఇష్టం లేని మాట వినపడనట్టు నటించాలనుకున్నప్పుడు దగ్గే దగ్గు. ఛాతీ పట్టుకుని, మంచినీళ్ళంటూ సైగ చేసి, పక్క ద్వారంలోంచి బయటికెళ్ళిపోయాడు. ఫాదర్ గారు ఆ ఖాళీ కుర్చీని చూశారు. దానికటూ ఇటూ నిలబడ్డ ఇద్దర్నీ చూశారు. "మీ పక్కనున్నవారికి," అని కొంచెం ఆగి, "సమాధానం చెప్పుకోండి," అన్నారు.

గుడిలో ఎవరూ పక్కవాళ్ళకి చెప్పుకోలేదు. అందరూ ఆ కుర్చీ వైపే చూస్తున్నారు. పెదనాన్న తల దించుకునే ఉన్నాడు. అలా నేలచూపులు చూస్తుంటే నాన్న కాలు కనపడినట్టుంది.

"ఏరా, ఆ వేళ్ళేంటి అలా చీకిపోయాయి?" అన్నాడు. గుడి అంత నిశ్శబ్దంగా ఉండబట్టి వెనకదాకా వినపడింది.

"సున్నం నీళ్ళలో నానడం అన్నయ్యా. చెరువులో దిగాలి కదా," అన్నాడు నాన్న.

"బూట్లేసుకుని దిగలేవురా, వెధవా!"

నాన్న అన్న వైపు తిరిగాడు. "నీ ఆకుమడి..." అన్నాడు, పూర్తి చెయ్యలేకపోయాడు.

"ఆకుమడి మళ్ళీ పోసుకున్నాం. కాలు మళ్ళీ మొలుస్తుందేంట్రా?"

నాన్న మధ్యలో ఉన్న కుర్చీని పక్కకి లాగేశాడు. చేతులు జోడిస్తాడనుకున్నాను. అన్నయ్య భుజం మీద మొహం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆడవాళ్ళవైపు నుంచి ముందు అమ్మా, వెనకే పెద్దమ్మా నడవ దాటి వచ్చేశారు. ఆ తర్వాత ఎవరెటు వెళ్ళారో తెలియదు. వేలం పాటగాడు తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాడు. మాస్టారు హెడ్మాస్టరుకి నమస్కారం పెట్టాడు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. ఫాదర్ గారు పక్క ద్వారం వైపు చూస్తే, తాతగారు అక్కడ నిలబడి స్టీలు గ్లాసు నోటికెత్తి గటగటా తాగుతున్నట్టు నటిస్తున్నాడు. గ్లాసులో నీళ్ళు లేవని అందరికీ తెలుస్తూనే ఉంది. ఫాదర్ గారు ఎవర్నీ ఆపలేదు. తర్వాతి పాట ఎత్తమని హార్మోనియం అతనికి చాలాసేపటిదాకా సైగ చెయ్యలేదు. తాతగారు తిరిగొచ్చేసరికి ఆయన కుర్చీ జాడ లేదు, కింద కూర్చున్నాడు.

పెళ్ళికి పెదనాన్న నా పక్కనే నిలబడ్డాడు. నాకంటే ఆయన చొక్కాయే ఎక్కువ మెరిసింది. తాతగారు వచ్చి సరిగ్గా నాకూ పెళ్ళికూతురికీ వెనకే కూర్చోవడంతో పెళ్ళివారి గుండెల్లో రాయి పడింది. "అప్పుడే గొడవేంటి తాతయ్యా?" అన్నాను గొంతు తగ్గించి. సమాధానం వేళ మా ఇద్దరి చేతులూ కలిపి పట్టుకుని, "ఇది ముందుగానే ఇచ్చి పెడుతున్నాను. అవసరమైనప్పుడు వాడుకోండి," అన్నాడు. ఉప్మా ఉప్పు దాకా మేము దాన్నే వాడుకుంటున్నాం.

ఆయన ఒక పొద్దున్న షాపు తెరవకుండానే నిద్రలోనే పోయాడు. పెట్టెని గుడిలో నడవ మధ్యలో పెట్టారు, అటు మగవాళ్ళు, ఇటు ఆడవాళ్ళు. మామ్మగారు ఏడుస్తూనే, "చూశారా, పోయినా కుదురుగా ఒకవైపు కూర్చోలేదు," అంది. సమాధానం వేళ ఫాదర్ గారు పీఠం దిగి వచ్చారు. "పుస్తకంలో పక్కనున్నవారికే అని ఉంది. ఇవాళ మనందరి పక్కనా తాతగారే ఉన్నారు. రండి," అన్నారు. ఒక్కొక్కరమే వెళ్ళి ఆయన చేతులు పట్టుకున్నాం. గీతల్లో నలుపు అలాగే ఉంది. పాట ఎన్నిసార్లు తిరగేసి పాడారో ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత పెట్టెని ముందువైపు మోసింది నాన్నా పెదనాన్నా.

ఇదంతా తలుచుకుంటూ ఆ ఆదివారం భీమవరంలో పరధ్యానంగానే ఆ కొత్తతనికి చేతులు జోడించాను. అతనూ జోడించాడు. పూజయ్యాక నేను చెప్పులు వెతుక్కునేలోగా వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం నాన్నకి ఫోన్ చేసి నవ్వుతూ చెప్పాను, "మనింట్లో గొడవేం లేకపోయినా ఒకతను వచ్చి నా పక్కనే కూర్చున్నాడు నాన్నా," అని. నాన్న నవ్వలేదు.

"అతనికేమైనా ఉందేమోరా. అడిగావా?"

"లేదు."

వెనక నుంచి పెదనాన్న గొంతు గట్టిగా వినపడింది. ఆదివారం భోజనం ఇద్దరూ కలిసే చేస్తారు. "మొహంలోకి చూశాడా లేదా అడుగు!" అంటున్నాడు. చూడలేదు. నేను చూసింది ఖాళీ బెంచీల్నీ, ఫ్యానునీ.

పై ఆదివారం పెందలాడే వెళ్ళాను. అతను వచ్చి ఈసారి వెనక బెంచీ చివర్న ఒక్కడే కూర్చున్నాడు. పోయినసారి మా ఆవిడ నవ్విన నవ్వు తన గురించే అనుకున్నట్టున్నాడు. మా ఆవిడతో, "ఇప్పుడే వస్తాను," అన్నాను. "వెళ్ళండి, నేను ఫ్యాను కిందికి మారతాను," అంది. వెళ్ళి అతని పక్కన కూర్చున్నాను. అతను కంగారుగా జరిగాడు.

సమాధానం వేళ అతను ముక్తసరిగా చేతులు జోడించాడు. వాటిని నా రెండు చేతుల మధ్యా పట్టుకున్నాను. అతను తలెత్తి చూశాడు.

"పోయిన ఆదివారం మీరు నాకిచ్చారండి. నాకు ఎవరితోనూ గొడవ లేదు. నా దగ్గర మిగిలిపోయింది, తీసుకోండి," అన్నాను.

అతనికి ముందు అర్థం కాలేదు. తర్వాత నవ్వాడు. నవ్వుతుండగానే కళ్ళు తడయ్యాయి. "మాది తుని అండి. ఇక్కడ ఐసు ఫ్యాక్టరీలో చేరి నెలైంది. ఊళ్ళో ఎవరూ తెలీదండి," అన్నాడు. పాట మొదలైపోయింది. ముందు బెంచీలోని ముసలావిడ మళ్ళీ వెనక్కి తిరిగి కొరకొరా చూసింది. అతని చేతులు నేనింకా వదల్లేదు.